మామత్ కొండపై మే నెల: స్కీ, సైకిల్ చిక్కులు, వాటి విరుగుడు

కాలిఫోర్నియాలోని మామత్ మౌంటెన్‌లో మే నెలాఖరు రెండు కాలాల కలగూరగంప. మెయిన్ లాడ్జ్ పార్కింగ్ స్థలంలో ఒక కారు నుంచి స్కీలు దిగుతుంటే, పక్క కారు వెనక స్టాండు నుంచి సైకిల్ దిగుతుంది. 11,053 అడుగుల శిఖరం మీద ఇంకా మంచు ఉంటుంది, కింద పైన్ చెట్ల మధ్య దుమ్ము లేస్తుంది. మెమోరియల్ డే సెలవులకు శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా నుంచి వచ్చే తెలుగువాళ్ళు కూడా ఉంటారు. వచ్చినవాళ్ళలో చాలామంది ఇబ్బంది ఎదురవగానే అద్దె స్కీలను తిట్టుకుంటారు. నా మటుకు ముందు గడియారం చూస్తాను, తర్వాత క్రితం రాత్రి ఆకాశం ఎలా ఉందో కనుక్కుంటాను. పరికరాలను అనుమానించడం ఆఖరి మాట.

సమస్య: పొద్దున్నే ఎక్కితే వాలంతా గట్టి ఐసు. స్కీ అంచు పట్టడం లేదు.

కారణం: నిన్న పగలు కరిగింది రాత్రి గడ్డకట్టింది. ఈ కాలంలో అది శుభవార్తే. కొన్ని రోజులు ఇలా పగలు కరిగి రాత్రి బిగుస్తూ ఉంటే మంచు స్ఫటికాలు వాటి కొసలు పోగొట్టుకుని పెద్ద గుండ్రటి గింజలవుతాయి. గింజల మధ్య నీరు రాత్రి గడ్డకట్టి మొత్తాన్ని ఒకే పలకగా అతికిస్తుంది. ఎండ తగిలాక పై అంగుళం మాత్రమే విడివడి బొంబాయి రవ్వలా స్కీ కింద దొర్లుతుంది, అడుగు గట్టిగానే ఉంటుంది. కార్న్ స్నో అని అందరూ వెంటపడేది దీనికోసమే.

పరిష్కారం: ఆగడం. కొండపైకి మోసుకెళ్ళే తీగల లిఫ్టు తెరిచిన నిమిషమే ఎక్కాలన్న పట్టుదల జనవరికి సరిపోతుంది, మే నెలకు కాదు. తూర్పు ముఖం ముందు మెత్తబడుతుంది, తర్వాత దక్షిణం, పడమర, అన్నిటికన్నా చివర ఉత్తరం. మామత్ ముందు భాగం ఎక్కువగా ఉత్తరానికి తిరిగి ఉంటుంది కాబట్టి కార్నిస్ బౌల్ లాంటి పై వాలులు ఆలస్యంగా దారికొస్తాయి. అంతవరకు కింద, చదును చేసిన దారుల్లో తిరగండి. స్కీ కర్ర మొనతో గుచ్చి చూస్తే తెలిసిపోతుంది: గీత మాత్రమే పడితే ఇంకా కాఫీకి సమయముంది, అర అంగుళం దిగితే బయలుదేరండి, బూటు చీలమండ దాకా దిగబడితే ఆ వాలు పని ఆ రోజుకు అయిపోయింది. అంచులు పదును పెట్టించుకోవడం మంచిదే కానీ, పదును కొనిపెట్టేది మహా అయితే తొలి అరగంట సుఖం.

గాలి హోరుగా వీచే రోజు ఈ లెక్క తప్పుతుంది. చల్లటి పొడిగాలి ఎండ ఇచ్చే వేడిని ఎప్పటికప్పుడు లాగేసుకుంటుంది కాబట్టి పదకొండు దాటినా పైభాగం మెత్తబడకపోవచ్చు. అలాంటి రోజు గాలి చాటున ఉన్న వాలులు వెతుక్కోవాలి.

సమస్య: రాత్రి చలేసింది, అయినా ఉదయానికే మంచు ముద్దగా ఉండి కాలు దిగబడుతోంది.

కారణం: మబ్బు. మంచు పైపొర తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదులుకుంటుంది. ఆకాశం నిర్మలంగా, గాలి పొడిగా ఉంటే, వాతావరణ కేంద్రం లెక్కలో రెండు మూడు డిగ్రీల సెల్సియస్ ఉన్నా మంచు పైపొర సున్నా కిందికి పోగలదు. మబ్బు కమ్మిన రాత్రి ఆ వేడి తిరిగి మంచు మీదికే వస్తుంది. థర్మామీటరు ఒక్కటే చూసుకున్నవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు.

పరిష్కారం: రాత్రి పడుకునే ముందు కనిష్ఠ ఉష్ణోగ్రతతోపాటు మేఘాల అంచనా, గాలి ఎంత పొడిగా ఉందో చెప్పే మంచుబిందు ఉష్ణోగ్రత (డ్యూ పాయింట్) కూడా చూడండి. ఉదయం బస దగ్గర ఆరుబయట నిలిపిన కారు అద్దం తడిమి చూడండి. అద్దం కూడా మంచులాగే వేడిని ఆకాశానికి వదిలేదే. గోటితో గీరితే తెల్లపొడి రాలితే పైన మంచు బిగిసి ఉంటుంది. అద్దం పొడిగానో, ఊరికే తడిగానో ఉంటే అనుమానించండి. బిగియని రోజు లిఫ్టు తెరవగానే ఎక్కి, చదును చేసిన దారులకే పరిమితమై, త్వరగా ముగించాలి. అలాంటి రోజు నిటారు వాలుల్లో తడిమంచు పొరలుగా జారుతుంది. మీ వెనక చిన్న చిన్న మంచు ఉండలు వాటంతటవే దొర్లుకుంటూ పెద్దవవుతుంటే అది మొదటి హెచ్చరిక. వెంటనే పక్కకు తప్పుకోండి.

సమస్య: మధ్యాహ్నం చదునైన చోట స్కీలు ఉన్నట్టుండి ఆగి, మనిషి ముందుకు తూలుతున్నాడు.

రెండు కారణాలుంటాయి, విడివిడిగా చూడాలి.

మొదటిది నీరు. గింజల మధ్య నీరు ఎక్కువైతే స్కీ అడుగున పలచటి పొరగా పరుచుకుని పీల్చి పట్టుకుంటుంది. నున్నటి అడుగు ఉన్న స్కీకి ఈ పట్టు మరీ ఎక్కువ. దుకాణంలో అడుగున కాస్త లోతైన గాట్లు పడేలా రాతి చక్రం పట్టించి, వేడి మంచుకు తగిన వ్యాక్స్ వేయించండి. చాలా కంపెనీలు ఆ రకాన్ని పసుపు రంగులో అమ్ముతాయి. పాత ఫ్లోరిన్ వ్యాక్స్ ఎవరైనా ఇస్తే వద్దనండి. అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2023-24 సీజన్ నుంచి పోటీల్లో దాన్ని నిషేధించింది, అది నేలలో, నీటిలో ఏళ్ళ తరబడి పోని రసాయనం.

రెండోది మురికి. స్కీ తిరగేసి చూడండి. పైన్ పుప్పొడి, జిగురు, లిఫ్టు గ్రీజు కలిసి అడుగున నల్లటి చారలు కట్టి ఉంటాయి. వీటి మీద కొత్త వ్యాక్స్ పూస్తే మురికిని లోపల పెట్టి మూసినట్టే. ముందు వేడి వ్యాక్స్ పూసి, అది గట్టిపడకముందే గీకేయండి. గీకుడుతోపాటు నలుపు కూడా వస్తుంది. తెల్లగా వచ్చేదాకా చేసి, ఆ తర్వాత అసలు వ్యాక్స్ వేయండి.

ఈ పనులేవీ వాలు మధ్యలో చేయలేరు కదా. అప్పటికి చేయగలిగింది: ఎండలో కరిగిన చోటి నుంచి చెట్టు నీడలోకి, నీడ నుంచి ఎండలోకి మారే గీత దగ్గర ఒక పాదం కొంచెం ముందుంచి, బరువు మడమల వైపు కాస్త జరిపి దాటడం. తూలి పడేది ఎక్కువగా ఆ గీత దగ్గరే.

సమస్య: బూటు వదులైంది, మోకాలు ముందుకు జారిపోతోంది.

ఎండకు ప్లాస్టిక్ మెత్తబడుతుంది. పై బకుల్ ఒక పన్ను బిగించి, పట్టీ గట్టిగా లాగండి. తడిసిన లోపలి బూటును పొయ్యి పక్కన ఆరబెట్టవద్దు, ఆకారం పోతుంది.

సమస్య: నావిగేషన్ చెప్పిన లాడ్జ్‌కి వెళితే మనిషి లేడు.

సీజన్ చివర్లో ఈగిల్, క్యాన్యన్ లాడ్జ్‌ల వైపు మంచు ముందు పోతుంది, ఆ లిఫ్టులు ముందే మూస్తారు. మిగిలేది సుమారు 9,000 అడుగుల ఎత్తున ఉన్న మెయిన్ లాడ్జ్. మినరెట్ రోడ్డు మీదుగా అక్కడికే వెళ్ళండి.

దారి గురించి కూడా ఒక మాట. బే ఏరియా నుంచి మ్యాపులో దగ్గరగా కనిపించేది యోసెమిటీ మీదుగా పోయే టయోగా కనుమ దారి. అది దాదాపు 9,945 అడుగుల ఎత్తులో ఉంటుంది, మంచు ఎక్కువ పడిన ఏళ్ళలో జూన్, జులై దాకా తెరవరు. 2023లో జులై 22న తెరిచారు. బయలుదేరే ముందే రాష్ట్ర రహదారుల శాఖ సమాచారం చూసుకుని, మూసి ఉంటే తాహో వైపు నుంచి 395 నంబరు రహదారి పట్టండి. మే నెలలో కూడా ఒక్కోసారి మంచు కురుస్తుంది కాబట్టి టైరు గొలుసులు డిక్కీలోనే ఉండనివ్వండి.

సమస్య: ఆకాశం బాగానే ఉంది, అయినా పై లిఫ్టులు ఆపేశారు.

సియెర్రా శిఖర శ్రేణిలో ఒక పల్లపు సందుకు ఎదురుగా ఉంటుంది ఈ కొండ. పసిఫిక్ తుపాను గాలి ఆ సందులోంచి దూసుకొస్తుంది. అంత మంచు పడటానికీ, శిఖరం మీద అంత గాలికీ కారణం ఒక్కటే. చేయగలిగింది లేదు, గండోలా (మూసిన డబ్బాల లిఫ్టు) వరసలో నిలబడి నసపెట్టడం అసలే వద్దు. కింది లిఫ్టులు వాడుకోండి. ఉరుము వినిపించి ఆపితే మాత్రం వరస వదిలేసి లోపలికి పోండి.

సమస్య: తలనొప్పి, నిద్ర పట్టదు. కందిపప్పు కూడా ఉడకదు.

మూడింటికీ మూలం ఎత్తే. మామత్ లేక్స్ ఊరు దాదాపు 7,900 అడుగుల ఎత్తున ఉంది. గాలి ఒత్తిడి తగ్గినందువల్ల ఒంటికి అందే ఆక్సిజన్ తగ్గుతుంది, నీరు 92 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. పప్పుకు కుక్కర్ తప్పదు, మామూలు కన్నా ఎక్కువసేపు పెట్టండి. తలనొప్పికి మందు మొదటి రోజు తేలిక పని, నీళ్ళు, మద్యం మానడం. వాంతులు, తడబాటు, కూర్చున్నా ఆయాసం వస్తే వేచి చూడకండి. బిషప్ పట్టణం దాదాపు 40 మైళ్ళ దూరంలో, 4,150 అడుగుల ఎత్తులో ఉంది. కిందికి దిగి వైద్యుణ్ణి చూడండి.

సాయంత్రానికి కళ్ళు గరగరలాడి నీళ్ళు కారితే అది ఎండ దెబ్బ. కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా పైకి తిప్పి కొడుతుంది. మబ్బుగా ఉందని కళ్ళద్దాలు తీయకూడదు. ముక్కు కింద, గడ్డం కింద కూడా సన్‌స్క్రీన్ రాయండి, కిరణాలు కింది నుంచి వస్తాయి.

సమస్య: శాన్ హోసేలో సరిగ్గా గాలి కొట్టిన సైకిల్ ఇక్కడ ఎగిరెగిరి పడుతోంది.

సైకిల్ చిక్కుల్లో ఎక్కువమందికి తట్టనిది ఇదే, అందుకే కాస్త విడమరుస్తాను. సముద్రమట్టం దగ్గర టైరులో 25 పీఎస్ఐ కొట్టి మూసేశారనుకోండి. మెయిన్ లాడ్జ్ దగ్గర బయటి గాలి ఒత్తిడి నాలుగు పీఎస్ఐకి పైగా తగ్గుతుంది. లోపలి గాలి అంతే ఉంది, బయట నుంచి నొక్కేది తగ్గింది. ఉష్ణోగ్రత మారకపోతే గేజి 29 దాకా చూపిస్తుంది. టైరు బిగుసుకుపోయి, నేలను పట్టడం మానేసి రాయి తగిలితే ఎగురుతుంది. కొండ మీద గేజి పెట్టి మళ్ళీ సరిచేయడమే మందు.

ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్క్‌లోనూ ఇదే జరుగుతుంది, కానీ అది కంటికి కనబడదు. ఫోర్క్ కింది కాళ్ళలో ఇంటి దగ్గరి గాలి బందీగా ఉంటుంది. ఎత్తుకు వచ్చాక అది సస్పెన్షన్‌ను బయటికి తోస్తూ, చిన్న గతుకులకు ఫోర్క్ కదలకుండా చేస్తుంది. కొత్త ఖరీదైన ఫోర్క్‌లలో కాలి వెనక చిన్న బటన్ లేదా మర ఉంటుంది. దాన్ని నొక్కితే లేదా వదులు చేస్తే 'తుస్' మంటుంది. ఆ చప్పుడు వినిపించిందంటే జబ్బు దొరికినట్టే. బటన్ లేని ఫోర్క్ అయితే మెకానిక్ పలచటి ప్లాస్టిక్ పట్టీని సీల్ పెదవి లోపలికి దూర్చి గాలి వదులుతాడు. సొంతంగా స్క్రూడ్రైవర్ మాత్రం దూర్చకండి, సీల్ చిరుగుతుంది.

సమస్య: బ్రేకు కీచుమంటోంది, లీవరు హ్యాండిల్ దాకా వస్తోంది.

కొత్త ప్యాడ్లను అలవాటు చేయకపోవడం ఒక కారణం. దిగినంతసేపూ బ్రేకును సగం పట్టి ఉంచి వేడెక్కించడం రెండోది. మలుపుకు ముందు గట్టిగా పట్టి, మలుపులో వదిలేయాలి. మూడోది మే నెలకే ప్రత్యేకం: సైకిల్ పక్కన నిలబడి సన్‌స్క్రీన్ స్ప్రే కొట్టుకుంటారు, ఆ తుంపర డిస్కు మీద పడుతుంది. డిస్కును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ప్యాడ్ నూనె పీల్చుకుని ఉంటే మార్చక తప్పదు.

సమస్య: శిఖరం నుంచి దిగుదామంటే సైకిల్‌ను పైకి ఎక్కనివ్వడం లేదు.

బైక్ పార్క్‌లో, అంటే ఇదే కొండ మీది సైకిల్ దారుల్లో, కింది దారులు ముందు తెరుచుకుంటాయి, పైవి మంచు పోయాకే. 1985లో మొదలైన పందెంతో పేరు తెచ్చుకున్న కామికాజీ దారి శిఖరం నుంచే మొదలవుతుంది కాబట్టి అది చివరి బ్యాచిలో వస్తుంది. 2022-23 చలికాలంలో మెయిన్ లాడ్జ్ దగ్గర 715 అంగుళాల మంచు పడి, స్కీయింగ్ 2023 ఆగస్టు 6 దాకా సాగింది. అలాంటి ఏడాది పై దారుల కోసం తొందరపడి లాభం లేదు. అడ్డంగా కట్టిన తాడు దాటి తడి దారిలో దూరితే టైరు గాడి వేసవి అంతా మిగిలిపోతుంది. తెరిచిన దారిలోనే మంచు పట్టీ ఎదురైతే దానిమీద బ్రేకు, మలుపు రెండూ వద్దు, తిన్నగా దాటండి. పట్టీ అంచుల కింద కరిగిన నీరు గుల్ల చేసి ఉంటుంది, అనుమానమొస్తే దిగి నడవండి.

ఇక్కడి నేల అగ్నిపర్వతపు ప్యూమిస్, తేలికైన గులకరాళ్ళు. మంచు కరిగిన కొత్తలో తేమకు బాగా పట్టు ఇస్తుంది. ఎండిన చోట టైరు కింద దొర్లుతుంది. అక్కడ బరువు ముందు చక్రం మీదికి తెచ్చి, బ్రేకు పని మలుపుకు ముందే ముగించండి.

సమస్య: కుళ్ళిన గుడ్ల వాసన.

ఇది పరికరాలది కాదు, కొండది. అగ్నిపర్వత వాయువులు బయటికొచ్చే రంధ్రాలున్నాయి, వాటి వేడికి మంచు కింద గోతులు పడతాయి. 2006 ఏప్రిల్‌లో అలాంటి చోట కంచె వేస్తున్న స్కీ పెట్రోల్ (కొండ మీది భద్రతా సిబ్బంది) బృందంలో ముగ్గురు చనిపోయారు. కంచె కనిపిస్తే దూరంగా ఉండండి. హార్స్‌షూ సరస్సు దగ్గరైతే వాసన కూడా ఉండదు. 1989 నాటి భూకంపాల వరస తర్వాత నేలలోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌కు అక్కడి చెట్లు ఎండిపోయాయి. ఆ వాయువు పల్లాల్లో నిలుస్తుంది, పిల్లల్ని మంచు గుంటల్లో ఆడనివ్వకండి.

సమస్య: ఉదయానికి కారు తలుపు వంగి ఉంది.

ఎలుగుబంటి. పులిహోర డబ్బా, ఆవకాయ జాడీ, చిప్స్ కవరు, చివరికి సువాసన సబ్బు కూడా రాత్రి కారులో ఉంచవద్దు. అన్నీ బస లోపలికి తీసుకెళ్ళి తలుపు గడియ వేయండి. శిబిరంలో ఉంటే అక్కడి ఇనుప పెట్టెలో పెట్టి, దాని గొళ్ళెం పూర్తిగా పడిందో లేదో లాగి చూసుకోండి.