తాబేలు చిప్ప బ్రోచ్ కిందికి జారుతోందా? పిన్నును వంచకండి

వైకింగ్ కాలపు ఆడవాళ్ల వేషంలో పట్టీల గౌనును ముందువైపు, రెండు భుజాల కింద పట్టి ఉంచే కోలాటి కంచు బ్రోచ్‌ల జత ఇది. పొద్దున కుదురుగానే ఉంటుంది. మధ్యాహ్నానికి జతలో ఒకటి జారి నేల చూపులు చూస్తుంటుంది. వెంటనే అందరూ చేసేది పిన్నును వంచడం, కాదంటే లోపల ఒక పిన్నీసు గుచ్చడం. దయచేసి రెండూ వద్దు. ముందు బ్రోచ్‌ను తిరగేసి వెనక చూడండి. ఈ ఒక్క పని ఎవరూ చెయ్యరు.

పిన్ను గౌను గుడ్డను పొడుచుకుని వెళ్తోందా? అయితే కారణం అదే, గుడ్డ చిరగడం కూడా ఖాయం. పిన్ను గుడ్డలోకి దిగకూడదు, సన్నటి లూప్‌లలోంచి వెళ్లాలి. స్వీడన్‌లోని బిర్కాలో, వైకింగ్ కాలపు సమాధుల్లో కంచు తుప్పు పుణ్యాన కుళ్లకుండా మిగిలిన లూప్‌లు పిన్నులకే చుట్టుకుని దొరికాయి. వెనక నుంచి భుజం మీదుగా వచ్చే పొడుగు లూప్ పిన్ను పైకొసకి, గౌను ముందు అంచుకి కుట్టిన పొట్టి లూప్ కింది కొసకి.

లూప్‌లు సరిగ్గా ఉన్నా జారుతోందంటే, చాలామందిని ఏడిపించే అసలు దొంగ భుజపట్టీ, అంటే ఆ పొడుగు లూప్. అది సాగుతుంది. కుట్టిన రోజు కొలత సరిపోతుంది కాబట్టి ఎవరూ దాన్ని అనుమానించరు. మిగిలిన గుడ్డ ముక్కల్లోంచి క్రాస్‌గా కత్తిరించిన పట్టీ అయితే మరీ ఘోరం. బ్రోచ్‌కి కత్తెర, తాళంచెవి వేలాడదీసుకునే వైపు పట్టీ ముందు సాగుతుంది. బ్రోచ్ కాలరెముక కిందినుంచి దిగి రొమ్ము వంపు దాటగానే ముఖం కిందికి తిరుగుతుంది. పిన్నును ఎంత వంచినా ఆ వంపు మారదు కదా!

బరువూ తోడవుతుంది. ఆ కాలపు అసలు బ్రోచ్‌ల పెంకు పలచగా పోతపోసింది. అచ్చు తయారీలో వాడిన గుడ్డ నేత ముద్ర చాలావాటి లోపల ఇప్పటికీ కనిపిస్తుంది. ఇప్పటి నకళ్లు చాలావరకు మందం. 10వ శతాబ్దంలో బాగా వాడిన, నార్వే పురావస్తు శాస్త్రవేత్త యాన్ పీటర్సన్ వర్గీకరణలో 51వ రకం రెండు పెంకులది, అంటే ఒకదానిమీద ఒకటి. దాని నకలును మందంగా పోస్తే ఎంత బరువుంటుందో ఊహించుకోండి.

పట్టీని వెలుగులో పట్టుకుని పోగులు చూడండి. ఏటవాలుగా ఉంటే విప్పెయ్యండి. నార గుడ్డను నిలువు పోగు వెంట కత్తిరించి, నాలుగు మడతలు పెట్టి, రెండు అంచులూ కుట్టండి. వెడల్పు సెంటీమీటరు దాటనివ్వకండి. ఒక కొస మాత్రం టాకా వేసి, బ్రోచ్ తగిలించి రాత్రంతా వేలాడదీయండి. సాగేదేదో అప్పుడే సాగిపోతుంది. మర్నాడు లోపలి చొక్కాతో సహా తొడుక్కుని, బ్రోచ్ పై అంచు కాలరెముక కిందే నిలిచేలా కొలత పెట్టి అప్పుడు గట్టిగా కుట్టండి. ముందు లూప్ పొట్టిగానే ఉండాలి. అది వదులైతే పిన్నును కిందికి లాగేది ఉండదు, బ్రోచ్ మళ్లీ ఊగుతుంది.

పిన్ను తనంతట తానే ఊడిపోతోందంటే లూప్ లావైంది, పిన్ను కొక్కెంలో పూర్తిగా పడటం లేదు. పెంకు కప్పేయడంతో పైనుంచి తెలియదు. లూప్ సన్నం చెయ్యండి, చాలు.

పిన్ను బందు చెవి విరగడం అరుదు. జిగురు నిలవదు, కంచుపని తెలిసినవాళ్ల దగ్గర అతుకు వేయించండి. చొక్కాకి పచ్చ మరక అంటితే బ్రోచ్ లోపలివైపు పొడి గుడ్డతో తుడవండి, తడిగా పెట్టెలో పెట్టకండి.