పాత తారు కంకర, టైరు రబ్బరుతో రోడ్డు పైపూతలు: సమస్య - పరిష్కారం

మిల్లింగ్ యంత్రం గీకి తీసిన పాత తారు కంకరను సైట్లలో ఆర్‌ఏపీ అంటారు. స్లర్రీ సీల్ (సన్న కంకరను ఎమల్షన్‌తో, అంటే నీళ్లలో కలిసిపోయేలా చేసిన తారుతో కలిపి పల్చగా పరిచే పూత), మైక్రో సర్ఫేసింగ్ (పాలిమర్ కలిపిన ఎమల్షన్‌తో వేసే అలాంటి పూత), చిప్ సీల్ (తారు చల్లి దానిపై చిప్స్, అంటే చిన్న రాళ్లు పరిచే పూత) పనుల్లో ఇదీ, టైర్లను నలగ్గొట్టిన క్రంబ్ రబ్బరూ వాడుతున్నారు. కింద చెప్పినవన్నీ అడుగు పొర గట్టిగా ఉన్న రోడ్లకే. అడుగు కదిలిపోయిన రోడ్డుపై కొత్త కంకరతో వేసిన పూత కూడా నిలవదు.

స్లర్రీ పరుస్తుంటే పొడవాటి గీతలు పడుతున్నాయి

ముందు కుప్పను చూడండి. జల్లెడ పట్టి పోసిన ఆర్‌ఏపీ ఎండకు, సొంత బరువుకు మళ్లీ అతుక్కుని ఉండలు కడుతుంది. ఆ ఉండ స్లర్రీని పరిచే స్ప్రెడర్ బాక్స్ వెనక రబ్బరు పట్టీ కింద ఇరుక్కుని, బాక్స్‌తో పాటు ఈడ్చుకుంటూ పోతుంది. నెల కిందటి గ్రేడేషన్ (కంకర సైజుల) రిపోర్టు బాగున్నా ఇక్కడ అక్కరకు రాదు. టైప్-2 (మధ్యస్థ సైజు కంకర) స్లర్రీకైతే యంత్రంలోకి ఎక్కించే ముందే 9.5 మి.మీ. జల్లెడ మళ్లీ పట్టాలి. కుప్పలు చిన్నవిగా, శంకువు ఆకారంలో, కప్పు కింద ఉండాలి. లోడరును కుప్ప మీదికి ఎక్కించవద్దు. జల్లెడ సరిగ్గా ఉన్నా గీతలు ఆగకపోతే, పట్టీకి గట్టిపడిన మిశ్రమం అంటుకుందేమో చూసి గీకేయండి.

మిశ్రమం బాక్సులోనే బిగుసుకుంటోంది, లేదా గంటలు గడిచినా ఆరడం లేదు

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. కాటయానిక్ (ధనావేశం ఉన్న) ఎమల్షన్ రాతి ఉపరితలంతో చర్య జరిపి విడిపోతుంది, అంటే తారు నీటి నుంచి వేరవుతుంది. ఆర్‌ఏపీ రాయికి పాత తారు పూత ఉంటుంది కాబట్టి ఆ చర్య మందగిస్తుంది. అదే ఆర్‌ఏపీని క్రషర్‌లో వేస్తే కొత్తగా పగిలిన ముఖాలు బయటపడి చర్య వేగం పెరుగుతుంది. అంటే ఒక కుప్పకు కుదిరిన పాళ్లు పక్క కుప్పకు కుదరకపోవచ్చు.

కాబట్టి కుప్ప మారినప్పుడల్లా 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర చేతితో కలిపి చూడండి. మైక్రో సర్ఫేసింగ్ మిశ్రమం కనీసం 120 సెకన్లు, స్లర్రీ కనీసం 180 సెకన్లు కలపడానికి వీలుగా ఉండాలి. తేడా వస్తే మిశ్రమంలో కలిపే సిమెంటును పావు శాతం చొప్పున, నీటిని ఒక శాతం చొప్పున మార్చి, ఒక్కోసారి ఒక్కటే మార్చి చూడండి. రెండూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తేలదు. సిమెంటు కొన్ని ఎమల్షన్లను తొందరపెడుతుంది, కొన్నింటిని నిదానపరుస్తుంది. మైక్రో సర్ఫేసింగ్‌లో తడి కోహెషన్ (మిశ్రమం బిగిసిన పట్టు) 30 నిమిషాలకు 12, 60 నిమిషాలకు 20 కేజీ-సెం.మీ. రావాలి.

తేమ సంగతీ మరవకండి. కుప్పలో తేమ 2 నుంచి 5 శాతానికి పెరిగితే 10 టన్నుల లోడులో సుమారు 300 లీటర్ల నీరు అదనంగా చేరినట్టే. పైగా కంకరను లోపలికి వదిలే యంత్రం గేటు కొలిచేది ఘనపరిమాణం. తడిసిన సన్న మెటీరియల్ ఉబ్బి, లోపలికి వెళ్లే పొడి బరువు తగ్గుతుంది. వాన పడ్డాక క్యాలిబ్రేషన్ (యంత్రం కొలతల సరిచూపు) మళ్లీ చేయాల్సిందే.

ఇంకొకటి: గోధుమ రంగు నల్లబడితే ఎమల్షన్ విడిపోయిందని సిబ్బంది కంటితో తేల్చేస్తారు. ఆర్‌ఏపీ మొదటి నుంచే నల్లగా ఉంటుంది కాబట్టి ఈ గుర్తు మోసం చేస్తుంది. తెల్ల కాగితం అద్ది చూడండి. గోధుమ మరక లేకుండా నీళ్ల తడి మాత్రమే అంటితే విడిపోయినట్టు.

వేసవి రాగానే చక్రాల దారుల్లో తారు పైకి తేలుతోంది

పాత తారు ఎంత పనిచేస్తుందన్న లెక్క తప్పింది. మామూలు ఉష్ణోగ్రతలో కలిపే ఈ మిశ్రమాల్లో గట్టిపడిన పాత తారు చాలా వరకు రాయిలాగే ఉండిపోతుంది, పూర్తిగా కాదు. దాన్నంతా కొత్త తారుగా లెక్కించి ఎమల్షన్ తగ్గిస్తే పూత రాలిపోతుంది. అసలు లెక్కలోకి తీసుకోకపోతే తారు పైకి తేలుతుంది. టైప్-2 స్లర్రీలో అవశేష తారు (ఎమల్షన్‌లోని నీరు పోయాక మిగిలేది) పొడి కంకర బరువులో 7.5 నుంచి 13.5 శాతం ఉండవచ్చు. ఎక్కడ ఆగాలో రెండు పరీక్షలు చెబుతాయి: వెట్ ట్రాక్ అబ్రేషన్ (తడి పూత అరుగుదల) నష్టం చదరపు మీటరుకు 807 గ్రాములు దాటితే తారు చాలదు, లోడెడ్ వీల్ (బరువు మోపిన చక్రం తిప్పే) పరీక్షలో అంటిన ఇసుక 538 గ్రాములు దాటితే ఎక్కువైంది. ఈ పరీక్షలు అసలు ఆర్‌ఏపీతోనే చేయాలి. తేలిపోయిన చోట వేడి ఇసుక చల్లి టైరు రోలర్ తిప్పండి. దాని మీద ఇంకో పూత వేస్తే తారు మళ్లీ పైకి వస్తుంది.

మిల్లింగ్ డ్రమ్ము తారు పొర దాటి కింది మట్టిని కూడా లేపిన కుప్ప అయితే చర్చ అనవసరం. పక్కన పెట్టేయండి.

రబ్బరు తారు చిప్ సీల్‌లో చిప్స్ రాలుతున్నాయి

ఏఎస్‌టీఎం (అమెరికా ప్రమాణాల సంస్థ) డీ6114 ప్రకారం మొత్తం మిశ్రమంలో రబ్బరు కనీసం 15 శాతం ఉండాలి, 175 డిగ్రీల దగ్గర చిక్కదనం 1500 నుంచి 5000 సెంటీపాయిజ్ ఉండాలి. పలచబడితే రబ్బరు ఇంకా ఉబ్బలేదనో, ఎక్కువసేపు వేడి మీద ఉండి విరిగిపోయిందనో అర్థం. గంట గంటకూ కొలిస్తే ఈ రెంటిలో ఏదన్నది తెలుస్తుంది: చిక్కదనం పెరుగుతుంటే ఆగండి, తగ్గుతుంటే రబ్బరు కలిపి మళ్లీ చర్యకు వదలండి. ట్యాంకులో కలియబెట్టడం ఆపితే రబ్బరు అడుక్కి దిగి నాజిళ్లు మూసుకుంటాయి. తడి రబ్బరు పోస్తే నురుగు పొంగుతుంది, అది ప్రమాదం.

చిక్కదనం బాగున్నా చిప్స్ రాలితే కారణం చాలావరకు ఆలస్యమే. ఈ బైండర్ (రబ్బరు తారు) రోడ్డు తాకగానే చల్లబడి పైన తొక్క కడుతుంది. ముందే పల్చగా తారు పూసిన వేడి చిప్స్‌ను స్ప్రేయర్ వెనకే పరచాలి, ఆ వెంటనే టైరు రోలర్ రావాలి.

పగుళ్లు నింపే రబ్బరు సీలెంట్ పగులులోంచి ఊడివస్తోంది

పగులు తడిగానో దుమ్ముతోనో ఉంది. వేడి గాలితో ఆరబెట్టి, వెంటనే నింపండి. నేరుగా మంట తగిలే డ్రమ్ములో కాచిన సీలెంట్ అడుగంటి జిగురు కోల్పోతుంది, నూనె జాకెట్ ఉన్న కెటిల్ వాడండి. పగులు అంచులు దాటి ఎత్తుగా పూయవద్దు, ఆ గట్టు పైన వేసే స్లర్రీలోంచి కూడా కనిపిస్తుంది.