మలక్‌పేట వానాకాలం రేసులు: గుర్రాన్ని ఎంచుకునే ముందు

మలక్‌పేటలో వానాకాలం పందేలు దగ్గరపడ్డాయి. రేసు కార్డు, అంటే ఆ రోజు పరిగెత్తే గుర్రాల జాబితా, చేతికి రాగానే ఇవి చూసుకోండి.

– పోయిన డబ్బు చివరి రేసులో రాబట్టాలని చూడకండి. రోజుకింత అని ఇంట్లోనే తేల్చుకుని అంతే తీసుకెళ్లండి. కొంపలు గుల్లయ్యేది ఇక్కడే.

– బరువు. గెలిచిన గుర్రానికి రేటింగ్ (సత్తాను బట్టి ఇచ్చే అంకె) పెరుగుతుంది, హ్యాండిక్యాప్ రేసులో, అంటే రేటింగ్ ఎక్కువున్న గుర్రానికి ఎక్కువ బరువు పెట్టే రేసులో, మోసే కిలోలూ పెరుగుతాయి. పోయినసారి 52 కిలోలతో తల తేడాతో గెలిచింది, ఈసారి 58 మోస్తూ అదే పరుగు తీస్తుందా? నేనైతే జాకీ పేరుకన్నా ముందు దీన్నే చూస్తాను.

– దూరం. 1,200 మీటర్లలో దూసుకెళ్లింది 2,000లో ఆఖరి మలుపు దాటాక చతికిలబడొచ్చు.

– రాత్రి వాన పడితే ట్రాక్ మెత్తబడుతుంది. ఎండు నేల మీది టైములు పక్కన పెట్టండి.

– ప్యాడక్ (రేసుకు ముందు గుర్రాల్ని నడిపించే చోటు) దగ్గర నిలబడి చూడండి. వెనక తొడల మధ్య తెల్లటి నురగ కట్టి, తల విదిలిస్తూ, పట్టుకున్న మనిషిని లాక్కుపోతోందంటే సత్తువ అక్కడే ఖర్చయిపోతోంది.

– తప్పుకున్న గుర్రాలు, మారిన జాకీలు. మొదటి నుంచీ ముందుండి లాగే గుర్రం తప్పుకుంటే రేసు వేగమే మారిపోతుంది.

– ఇంతవరకు పరిగెత్తని గుర్రాలే ఎక్కువున్న రేసు వదిలేయండి. పోల్చడానికి ఏమీ ఉండదు.