పాత పికప్‌కి కొత్త బానెట్: సరిగా కూర్చోకపోతే ఏం చూడాలి

పాత బానెట్ సరిగ్గా నడుమ దగ్గర అడ్డంగా మడత పడిందా? కొత్తది తెచ్చే ముందు హింజ్‌లు, అంటే బానెట్ తెరిచి మూసే కీళ్లు, చూడండి. 1973-87 నాటి షెవ్రొలే సి/కె పికప్‌లకు ఇది అందరికీ తెలిసిన జబ్బే. హింజ్ పిన్నులు ఎండి, తుప్పుపట్టి బిగుసుకుంటాయి. మూసేటప్పుడు ముందు భాగం దిగుతుంది, వెనక భాగం మొరాయిస్తుంది, మధ్యలో రేకు వంగుతుంది. ఆ హింజ్‌లకే కొత్తది బిగిస్తే దానికీ అదే గతి. పిన్నుల్లో తుప్పు వదిలే నూనె పోసి, తేలిగ్గా ఆడేదాకా కదిపి, గ్రీజు పెట్టండి. పిన్ను రంధ్రం కోడిగుడ్డులా సాగిపోతే నూనె పనిచేయదు, జత మార్చాల్సిందే.

విప్పే ముందు హింజ్ చుట్టూ మార్కర్‌తో గీత గీయండి. వాషర్ పైపు, లైటు వైరు ఊడదీయండి. అద్దం వైపు మూలల కింద మందపాటి గుడ్డ పరవండి. ఇద్దరు లేనిదే బోల్టు ముట్టుకోవద్దు. స్ప్రింగు హింజ్‌లైతే, బానెట్ తీశాక వాటిని చేత్తో కిందికి నొక్కకండి, వేళ్లు నలుగుతాయి.

రంగు వేయించక ముందే ఒకసారి బిగించి చూడండి. మొదటిసారి మూసేటప్పుడు లాచ్ (బానెట్‌ని మూసి పట్టే గడియ) విప్పి పక్కన పెట్టడం మంచిది. వంకరగా పట్టేసిందంటే తెరవడానికి నానా తంటాలు.

వెనక అంచు ఫెండర్ (చక్రం పైనున్న పక్క రేకు) కన్నా ఎత్తుగా ఉంటే: హింజ్‌ని బాడీకి పట్టే బోల్టులు కాస్త వదులు చేసి దించండి. ఒకటి రెండు మిల్లీమీటర్లు చాలు.

బానెట్‌కీ ఫెండర్లకీ మధ్య సందు ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ ఉంటే: బానెట్‌ని హింజ్‌కి పట్టే బోల్టులు వదులు చేసి జరపండి. రెండువైపులా ఒకే మందం అట్టముక్క పెట్టి చూస్తే కంటి అంచనా కన్నా నయం.

ముందు మూల లేచి ఉంటే, లేదా బండి నడుస్తుంటే దడదడలాడితే: మూలల్లోని రబ్బరు స్టాపర్లు తిప్పి ఎత్తు సరిచేయండి. స్టాపర్ మీద కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వచ్చిందంటే అది ఆనడం లేదు.

గట్టిగా కొడితేగానీ పట్టకపోతే: ఇవన్నీ కుదిరాకే లాచ్ బిగించాలి. లాచ్‌లోకి దిగే బానెట్ కొక్కెం కొసకు గ్రీజు రాసి నెమ్మదిగా దించితే ఎక్కడ తగులుతోందో మరక చెబుతుంది. లాచ్‌ని అటే జరపండి.

చివరగా లోపలి మీట లాగండి. బానెట్ కొంచెం లేచి రక్షణ కోసం ఉండే రెండో కొక్కెం మీద ఆగాలి. ఆగకపోతే బండి రోడ్డెక్కించవద్దు, గాలికి లేచి నేరుగా అద్దం మీద పడుతుంది.