టిప్పు పనివారికే చేరాలంటే: హోటల్లో పంపకం పద్ధతిని ఏర్పాటు చేసుకోవడం ఎలా

భోజనం ముగించిన మనిషి బిల్లు కట్టేసి, లేచి వెళ్తూ ఫోల్డరులో మడిచి పెట్టిన నోటు ఎవరిది? నా సమాధానం ముందే చెబుతాను. అది వడ్డించినవారిది, ఆ పూట వారితో కలిసి చెమటోడ్చినవారిది. యజమానికి అందులో భాగం లేదు. కొన్నేళ్లు సర్వర్‌గా, ఆ తరువాత కొంతకాలం మేనేజరుగా పని చేసి, ఈ డబ్బు దగ్గర తగవు ఎక్కడ పుడుతుందో, అన్యాయం ఎలా జరుగుతుందో రెండు వైపుల నుంచీ చూశాను. కొత్తగా హోటల్ పెట్టినవారూ, టిప్పుల విషయంలో రోజూ గొడవలు పడుతున్న సిబ్బందీ కలిసి కూర్చుని అమలు చేసుకోదగిన పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

అన్నిటికంటే ముందు టిప్పునూ, హోటలే బిల్లులో కలిపి వేసే సర్వీస్ ఛార్జీనీ వేరు చేయాలి. ఈ రెండింటినీ ఒకే గాట కట్టడం వల్లే సగం తగవులు వస్తాయి. అమెరికా పన్నుల శాఖ 2012లో ఇచ్చిన వివరణలో టిప్పుకు నాలుగు గుర్తులు ఉన్నాయి. డబ్బు ఎవరి బలవంతమూ లేకుండా ఇచ్చినదై ఉండాలి. ఎంత ఇవ్వాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ భోజనానికి వచ్చినవారికే ఉండాలి. ఆ మొత్తం బేరసారాల వల్ల గానీ యజమాని పెట్టిన నియమం వల్ల గానీ తేలినదై ఉండకూడదు. అది ఎవరికి చెందాలో చెప్పే అధికారం సాధారణంగా ఇచ్చినవారికే ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా, బిల్లులో ముందే అచ్చయి వచ్చిన ఆ మొత్తాన్ని టిప్పుగా భావించవచ్చా అన్నది అనుమానమే. మీ హోటల్లో సర్వీస్ ఛార్జీ వసూలు చేసే పద్ధతి ఉంటే, ఆ డబ్బు సిబ్బందికి వెళ్తుందా, యాజమాన్యానికి వెళ్తుందా అనే సంగతి బిల్లు మీదే స్పష్టంగా రాయించండి. చాలామంది అది సర్వర్‌కే అందుతుందని నమ్మి, వేరుగా ఏమీ ఇవ్వకుండా వెళ్లిపోతారు. ఆ నమ్మకాన్ని సొమ్ము చేసుకోవడం వచ్చినవారినీ, వడ్డించినవారినీ ఒకేసారి మోసగించడమే అవుతుంది.

టిప్పు యజమాని గల్లాపెట్టెలో పడినంత మాత్రాన యజమానిది అయిపోదు అనే సూత్రం రెండవది. నగదు రోజుల్లో ఈ ప్రశ్నే పెద్దగా ఉండేది కాదు, ఎందుకంటే నోటు చేతి నుంచి చేతికి వెళ్లేది. కార్డులూ క్యూఆర్ కోడ్‌లూ వచ్చాక బిల్లు డబ్బుతో పాటు టిప్పు కూడా నేరుగా హోటల్ ఖాతాలోకి వెళ్తోంది. అలా వచ్చిన టిప్పును సంస్థ తరువాత ఉద్యోగులకు పంచినా, అది సంస్థ ఇచ్చిన జీతం కిందికి రాదనీ, ఆ డబ్బును సంస్థ ఉద్యోగుల తరఫున నమ్మకం మీద పట్టుకున్నట్టేననీ భారత సుప్రీంకోర్టు 2016లో, హోటళ్లు నడిపే ఐటీసీ సంస్థ కేసులో తేల్చింది. పన్ను వివాదంలో వచ్చిన తీర్పే అయినా, అందులో ఉన్న న్యాయం పంపకానికి కూడా సరిగ్గా సరిపోతుంది. కాలిఫోర్నియా కార్మిక చట్టమైతే టిప్పు పూర్తిగా ఉద్యోగి ఆస్తి అని సూటిగానే చెబుతుంది; కార్డు కంపెనీ తీసుకునే రుసుమును కూడా అందులోంచి కోయకూడదని యజమానిని కట్టడి చేస్తుంది. కాబట్టి మీ లెక్కల పుస్తకంలో టిప్పులకు వేరే ఖాతా తెరవండి. రోజువారీ అమ్మకంలో దాన్ని కలిపితే, నెలాఖరున విడదీయడం ఎవరి తరమూ కాదు.

మూడవది జీతం. టిప్పులు బాగా వస్తున్నాయి కదా అని జీతం తగ్గించడం అంటే, వచ్చినవారు ప్రేమతో ఇచ్చిన డబ్బును వెనక తలుపు గుండా యజమాని తీసుకోవడమే. హోటళ్లలో పని పరిస్థితులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1991లో ఆమోదించిన 172వ ఒడంబడిక, టిప్పులు ఉన్నా లేకున్నా కార్మికులకు మూల వేతనం క్రమం తప్పకుండా అందాలని చెబుతుంది. అమెరికాలో దీనికి భిన్నమైన పద్ధతి ఉంది. అక్కడి కేంద్ర చట్టం ప్రకారం, టిప్పులు తీసుకునే ఉద్యోగికి యజమాని గంటకు 2.13 డాలర్లు మాత్రమే ఇచ్చి, కనీస వేతనమైన 7.25 డాలర్లకు తక్కువ పడిన భాగాన్ని టిప్పులతో పూడ్చవచ్చు. టిప్పులు కలిపినా కనీస వేతనానికి చేరకపోతే మిగతాది యజమానే ఇవ్వాలి. ఆ 2.13 అనే అంకె 1991 నుంచి మారలేదు. కాలిఫోర్నియా, వాషింగ్టన్, మిన్నెసోటా వంటి కొన్ని రాష్ట్రాలు ఈ వెసులుబాటును యజమానులకు ఇవ్వవు. అక్కడ పూర్తి కనీస వేతనం ఇచ్చాకే, ఆపైన టిప్పులు. మీరు ఏ దేశంలో ఉన్నా ఈ రెండవ దారినే పట్టమని నా సలహా. జీతం వేరుగానూ టిప్పు వేరుగానూ ఉన్నచోటే పంపకం గురించి సిబ్బంది ధైర్యంగా మాట్లాడగలుగుతారు.

ఇక అసలు చిక్కు పంపకంలో ఉంది. వడ్డించినవారే మొత్తం ఉంచుకోవాలని కొందరు సర్వర్లు అంటారు. వేడి పొయ్యిల ముందు నిలబడ్డవారికీ, గిన్నెలు తోమినవారికీ ఒక్క పైసా రాకపోవడం న్యాయమా అని యజమానులు అడుగుతారు. ఆ ప్రశ్నలో నిజం ఉంది, కాదనను. అయితే కిచెన్ పేరు చెప్పి డబ్బును తమ చేతుల్లోకి తీసుకున్న యజమానులు దాన్ని కిచెన్‌కు చేర్చారా లేదా అన్నది ఎన్నిచోట్ల ఎవరూ అడగలేదో నాకు తెలుసు. అందుచేత కిచెన్‌తో పంచుకోవడాన్ని సిబ్బందే కూర్చుని నిర్ణయించుకోవాలి. యజమాని ఆ నిర్ణయాన్ని అమలు చేయడానికి లెక్కా, కాగితమూ సమకూర్చాలి. మేనేజర్లకూ, ఇతరులకు పని అప్పగించి పర్యవేక్షించేవారికీ పంపకంలో వాటా ఉండకూడదు. అమెరికా 2018లో చట్టాన్ని సవరించి, యజమాని ఎంత జీతం ఇస్తున్నా సరే, యజమానులూ మేనేజర్లూ సూపర్‌వైజర్లూ సిబ్బంది టిప్పుల్లో భాగం తీసుకోరాదని నిషేధించింది. మేనేజరుగా ఉన్నప్పుడు ఆ గీత ఎంత అవసరమో నాకు అనుభవంలోకి వచ్చింది. ఏ టేబుల్ ఎవరికి ఇవ్వాలో నిర్ణయించేవాడు ఆ టేబుల్ మీద వచ్చే టిప్పులో వాటా అడిగితే, సర్వర్ ఎదురు చెప్పలేడు.

పంపకానికి అందరికీ అర్థమయ్యే పద్ధతి పాయింట్ల పద్ధతి. పనిని బట్టి ప్రతి ఒక్కరికీ గంటకు ఇన్ని పాయింట్లు అని ముందే రాసుకోవాలి. ఉదాహరణకు సర్వర్‌కు 5, టేబుళ్లు శుభ్రం చేసేవారికి 3, కిచెన్‌లో ఉన్నవారికి 2 అనుకుందాం. ఒక రాత్రి ఇద్దరు సర్వర్లు ఎనిమిదేసి గంటలు, మరొక సర్వర్ నాలుగు గంటలు, టేబుళ్లు తుడిచే ఒకరు ఎనిమిది గంటలు, కిచెన్‌లో ఇద్దరు ఎనిమిదేసి గంటలు పని చేశారు. గంటలను పాయింట్లతో గుణిస్తే సర్వర్లకు 40, 40, 20. టేబుళ్ల మనిషికి 24. కిచెన్‌లో ఇద్దరికీ 16 చొప్పున 32 వస్తాయి. మొత్తం 156. ఆ రాత్రి టిప్పులు 6,240 రూపాయలు చేరితే ఒక్కో పాయింటుకు 40 పడుతుంది. పూర్తి షిఫ్టు చేసిన సర్వర్‌కు 1,600, సగం షిఫ్టు చేసినవారికి 800, టేబుళ్ల మనిషికి 960, కిచెన్‌లో ఒక్కొక్కరికి 640 అందుతాయి. గుణకారం తెలిసిన ఎవరైనా ఈ లెక్కను తమకు తాముగా సరిచూసుకోవచ్చు. ఈ పద్ధతి బలం కూడా అందులోనే ఉంది. పాయింట్లు ఎన్ని ఉండాలన్నది మీరు మీరు తేల్చుకోవలసినది. ఒకసారి తేల్చుకున్నాక మాత్రం నడిమధ్యలో మార్చకండి. మార్చాలంటే అందరినీ కూర్చోబెట్టి, ఫలానా తేదీ నుంచి అని రాసి మార్చండి.

కోతల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నేను మొదట పని చేసిన చోట టిప్పు పెట్టె కౌంటర్ వెనక ఉండేది, తాళం సర్వర్లకు పైవాడైన కెప్టెన్ దగ్గర ఉండేది. రాత్రి తలుపులు మూశాక ఆయన పెట్టెను స్టీలు టేబుల్ మీద బోర్లించి, చిల్లర ఒకవైపు, నోట్లు ఒకవైపు పేర్చి, ముందుగా ఆ వారం పగిలిన గ్లాసుల ధర పక్కకు తీసేవాడు. "మీ చేతుల్లోనే కదా పగిలింది, మీ పెట్టెలోంచే పోవాలి" అనేవాడు. బిల్లు కట్టకుండా జారుకున్నవారి బాకీ కూడా అందులోంచే తీసేవాడు. మేము గోడకు ఆనుకుని నిలబడి, మా ముందున్న నోట్ల కట్ట పలచబడడం చూస్తూ ఉండేవాళ్లం. ఎన్ని గ్లాసులు పగిలాయో రాసిన కాగితం ఒక్కనాడూ ఎవరికీ చూపలేదు, మేమూ అడగలేదు. పగిలిన సామానూ, ఎగ్గొట్టిన బిల్లూ వ్యాపారానికి సహజంగా వచ్చే నష్టాలు. వాటిని భరించవలసినది లాభం తీసుకునేవారే. మీ నియమాల్లో "టిప్పుల నుంచి ఏ కోతా ఉండదు, చట్టం కోరిన పన్ను తప్ప" అనే వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు రాయించండి. బ్రిటన్‌లో 2023లో చేసి 2024 అక్టోబరు 1 నుంచి అమలులోకి తెచ్చిన టిప్పుల చట్టం సారాంశం కూడా ఇదే.

ఆ బ్రిటన్ చట్టం నుంచి మరికొన్ని సంగతులను మీరు నేరుగా తీసుకోవచ్చు. యజమాని చేతికి వచ్చిన టిప్పును, వచ్చిన నెల తరువాతి నెల ముగిసేలోపు పంచేయాలి. పంపకం ఎలా జరుగుతుందో రాతపూర్వక విధానం ఉండాలి. ఎంత వచ్చింది, ఎవరికి ఎంత ఇచ్చారు అనే లెక్కను మూడేళ్లు భద్రపరచాలి. ఉద్యోగి రాతపూర్వకంగా అడిగితే చూపాలి. ఐర్లండ్‌లో 2022 డిసెంబరు 1 నుంచి, టిప్పులను ఎలా పంచుతారో తెలిపే నోటీసును వచ్చినవారికి కనబడేలా పెట్టడం తప్పనిసరి. ఈ నోటీసు నాకు చాలా నచ్చింది, ఎందుకంటే ఇచ్చేవారు కూడా తమ డబ్బు ఎక్కడికి వెళ్తుందో తెలుసుకుని ఇస్తారు. తరువాతి నెలాఖరు గడువు చట్టానికి సరిపోవచ్చు గానీ, నగదును ఆ రాత్రే, కార్డు మీద వచ్చినదాన్ని వారం తిరిగేలోపే పంచేయడం మేలు. ఆలస్యమైన ప్రతి రోజూ ఒక కొత్త అనుమానాన్ని పుట్టిస్తుంది.

ఈ లెక్క రాసే రిజిస్టరు పెద్ద గ్రంథం కానక్కరలేదు. తేదీ, షిఫ్టు, నగదు ఎంత, కార్డు మీద ఎంత, పని చేసినవారి పేర్లు, గంటలు, పాయింట్లు, ఒక్కొక్కరి వాటా, సంతకం: ఒక్కో రోజుకు ఒక్క పేజీ చాలు. కార్డు మెషీను రోజు చివర ఇచ్చే చీటీని ఆ పేజీకే అంటించండి. లెక్కపెట్టేటప్పుడు ఇద్దరు ఉండాలి, అందులో ఒకరు సిబ్బంది తమలో నుంచి వారం వారం మార్చి ఎన్నుకున్నవారై ఉండాలి.

ఇలాంటి ఏర్పాటు లేని చోట పని చేస్తున్న సర్వర్ ఏం చేయాలి? ముందు మీ సొంత నోటుపుస్తకంలో ప్రతి రాత్రీ వచ్చిన టిప్పు, మీకు ఇచ్చినది రాసుకోండి. రెండు మూడు వారాల లెక్క చేతిలో ఉంటే మాటకు బరువు వస్తుంది. తరువాత ఒంటరిగా కాకుండా ముగ్గురు నలుగురు కలిసి వెళ్లి, నింద వేయకుండా, "పంపకం ఏ నియమం ప్రకారం జరుగుతోందో ఒకసారి రాసి ఇవ్వండి సార్" అని అడగండి. తెరిచి మాట్లాడే యజమాని ఈ ఒక్క కోరికతోనే దారికి వస్తాడు. రాకపోతే మీ ప్రాంతంలోని కార్మిక శాఖ కార్యాలయానికో, యూనియన్‌కో ఆ నోటుపుస్తకంతో వెళ్లండి. ఫిర్యాదుకు గడువు ఉంటుందని మరచిపోకండి. బ్రిటన్‌లో ఉద్యోగ వివాదాలు వినే ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి పన్నెండు నెలలు ఇచ్చారు, అంత వ్యవధి అన్నిచోట్లా ఉండదు. చేతికి వచ్చిన టిప్పు మీ ఆదాయమే కనుక, పన్ను పరిధిలోకి వచ్చేవారు దాన్ని లెక్కలో చూపాలి. మీ నోటుపుస్తకం అప్పుడు కూడా పనికి వస్తుంది.

చివరగా మానేసి వెళ్లేవారి సంగతి. నెల మధ్యలో పని వదిలినవారి కార్డు టిప్పులు చాలాచోట్ల అలాగే ఉండిపోతాయి. అడగడానికి వారు మళ్లీ రారు, పిలిచి ఇవ్వడానికి ఎవరికీ గుర్తుండదు. రిజిస్టరులో వారి చివరి పని రోజు వరకూ పాయింట్లు లెక్కగట్టి, ఆఖరి జీతంతో పాటే ఆ మొత్తాన్నీ చేతికిచ్చి, పక్కన సంతకం తీసుకున్న తరువాతే ఆ పేరు కింద గీత గీయండి.