విశాఖ ఎంవీపీ కాలనీలో కొన్ని నెలలు ఉండదలచినవారికి

విశాఖపట్నానికి రెండు రోజుల కోసం వచ్చేవారు బీచ్ రోడ్డు మీద గది తీసుకోవడం సబబే. కానీ ల్యాప్‌టాప్ మీద ఉద్యోగం చేసుకుంటూ మూడు నాలుగు నెలలు ఈ ఊళ్లో గడపాలనుకునేవారు, విదేశం నుంచి వచ్చి పెద్దవాళ్ల వైద్యం పూర్తయ్యేదాకా ఉండవలసినవారు, తమకు కావలసినది సముద్రం కనిపించే కిటికీ కాదని, రాత్రి నిద్ర పట్టే వీధి, నడిచి వెళ్లగలిగే కూరగాయల బజారు, మోయగలిగిన అద్దె అని మొదటి వారంలోనే తెలుసుకుంటారు. అటువంటివారికి నేను ముందుగా చెప్పే పేరు ఎంవీపీ కాలనీ. రెండు విడతలుగా అక్కడ ఉన్న అనుభవంతో ఈ సూచనలు రాస్తున్నాను.

ఎంవీపీ అంటే మువ్వలవానిపాలెం. ఆ పాత పల్లె పేరు మీదనే, జనం నేటికీ వుడా అని పిలిచే పట్టణాభివృద్ధి సంస్థ, ఈ ప్రాంతాన్ని 12 సెక్టార్లుగా లేఅవుటు వేసింది. ఒక పక్క వెంకోజీపాలెం, ఇసుకతోటల మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి, మరో పక్క అప్పూఘర్, లాసన్స్ బే కాలనీల వైపు సముద్రం ఉన్నాయి. ఈ రెంటికీ మధ్యనున్న లోపలి సెక్టార్లలోనే మనకు కావలసిన నిశ్శబ్దం దొరుకుతుంది. కాలనీ ప్రధాన వీధి అయిన డబుల్ రోడ్డును ఆనుకున్న ఇళ్లకు దుకాణాలు దగ్గరైనా హారన్లు కూడా అంతే దగ్గర. అప్పూఘర్ చివరన గాలి బాగుంటుంది కానీ, ఆదివారం సాయంత్రం తీరానికి వచ్చే బళ్లన్నీ ఆ వీధుల్లోనే ఆగుతాయి. డబుల్ రోడ్డు నుంచి రెండు మూడు వీధులు లోపలికి, పాత రెండంతస్తుల ఇళ్లున్న చోట పై పోర్షను వెతకడం మేలని నా అభిప్రాయం.

ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి అడ్వాన్సు పంపవద్దు. మొదటి వారం ఏదైనా సర్వీస్ అపార్ట్‌మెంటులో గాని, లాడ్జిలో గాని దిగి, ఉదయం, సాయంత్రం కాలినడకన వీధులు తిరిగితే గేట్లకు వేలాడే టులెట్ బోర్డులు కనిపిస్తాయి. తక్కువ అద్దె ఇళ్లు చాలావరకు ఆ బోర్డులతోనే పోతాయి, ఇంటర్నెట్ దాకా రావు. వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్నవారిని, అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ను, కిరాణా కొట్టువారిని మర్యాదగా అడిగితే బోర్డు కట్టని ఇళ్ల సంగతి కూడా చెబుతారు. బ్రోకరు ద్వారా వెళితే కమీషను ఎంతో, ఎవరు ఇవ్వాలో ఇల్లు చూడకముందే తేల్చుకోవాలి.

నచ్చిన ఇంటిని మూడు వేళల్లో చూడాలి: తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి పది దాటాక ఒకసారి. ఈ మాట నేను ఊరికే చెప్పడం లేదు. మొదటి విడతలో మధ్యాహ్నం ఒక్కసారి చూసి, ఎంతో ప్రశాంతంగా ఉందనుకుని తీసుకున్న గది వెనక కల్యాణ మంటపం ఉన్నదని మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాకనే నాకు తెలిసింది. ఆ నెలన్నర రోజులూ అర్ధరాత్రి బ్యాండు మేళం తగ్గాకనే నిద్రపోయాను. నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకర్లు వాడరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి, అవసరమైతే 112కు ఫోను చేయవచ్చు. అయినా పొరుగువారి శుభకార్యం మీద వారానికోసారి ఫిర్యాదు చేస్తూ ఎవరూ సుఖంగా బతకలేరు. కాబట్టి ఫంక్షన్ హాలు, గుడి మైకు, పునాది తవ్వుతున్న పక్క స్థలం, పోటీ పరీక్షల హాస్టలు, ఈ నాలుగూ ఎంత దూరంలో ఉన్నాయో ముందే చూసుకోవడం మంచిది. ధనుర్మాసంలో వేకువజామున తిరుప్పావై వినిపించడం కొందరికి ఆనందం, రాత్రంతా అమెరికా వేళల్లో పనిచేసి పడుకునేవారికి మాత్రం కష్టం.

నీటి విషయంలో రెండు ప్రశ్నలు అడగండి: నగరపాలక సంస్థ కుళాయి ఏ వేళకు వస్తుంది, బోరు వేసవిలో కూడా పనిచేస్తుందా. విద్యుత్తుకు విడి మీటరు ఉన్న ఇల్లు చూసుకోండి. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే శ్లాబు పద్ధతి కాబట్టి, యజమానితో ఉమ్మడి మీటరు మీద ఏసీ నడిపితే లెక్కల దగ్గర మనసులు కష్టపడతాయి. చేరిన రోజున మీటరు రీడింగును, గోడల మీది మరకలను, తుప్పు పట్టిన కిటికీ ఊచలను ఫొటో తీసి యజమానికి పంపాలి. సముద్రపు ఉప్పుగాలి ఇక్కడ ఇనుమును త్వరగా తింటుంది. ఆ తుప్పు మీ వల్ల రాలేదని తరవాత నిరూపించుకోవలసిన అవసరం రాకూడదు.

అడ్వాన్సు సాధారణంగా రెండు మూడు నెలల అద్దె అడుగుతారు. అగ్రిమెంటు అలవాటుగా 11 నెలలకు రాస్తారు కనుక, మీరు ఉండేది నాలుగు నెలలే అయితే ఆ మాట మొదటే చెప్పి, నెల రోజుల ముందు నోటీసుతో ఖాళీ చేయవచ్చునని, పెయింటింగు పేరిట ఎంత పట్టుకుంటారో రాయించుకోండి. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారికి ఆశ్రయమిచ్చినవారు 24 గంటల్లో వారి వివరాలను ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి పంపవలసి ఉంటుంది. అది తెలియని యజమానులు ఎందరో ఉన్నారు, దగ్గర కూర్చుని చేయించండి.

ఇక, ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు ఎదురయ్యే ప్రశ్నలు. ఫ్యామిలీనా, బ్యాచిలరా అని, మాంసం వండుతారా అని, కొన్నిచోట్ల నేరుగానో వంకరగానో కులమేమిటని అడుగుతారు. చదువుకున్నవారి కాలనీలో ఈ చివరి ప్రశ్న వినవలసి రావడం నాకు ఇప్పటికీ బాధాకరమే. దానికి జవాబు చెప్పవలసిన బాధ్యత అద్దెకు వచ్చినవారికి లేదు. ఆ గుమ్మం దిగి పక్క వీధికి వెళ్లడమే మంచిది, అడగని యజమానులు అక్కడ ఉంటారు.

ఇల్లు కుదిరాక ఖర్చు అదుపులో ఉంచేది రైతు బజారు. 1999లో రాష్ట్రంలో మొదలైన ఈ బజార్లలో ఎంవీపీ కాలనీది నగరవాసులకు బాగా తెలిసినది. ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి కాబట్టి కొత్తవారికి బేరం బెంగ లేదు. పొద్దున్నే వెళితే సరుకు తాజాగా ఉంటుంది. వంట కుదరని రోజున అన్నం ఒక్కటి వండుకుని కర్రీ పాయింటు నుంచి కూరలు తెచ్చుకోవచ్చు. చిరునామా రుజువు లేనివారికి గుర్తింపు కార్డు మీదనే ఇచ్చే 5 కిలోల చిన్న సిలిండరు కొద్ది నెలల కాపురానికి సరిగ్గా సరిపోతుంది. చేపలు ఇష్టపడేవారు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధమని గుర్తుంచుకోవాలి. ఆ 61 రోజుల్లో వంజరం దొరకడమూ కష్టమే, కొనడమూ కష్టమే.

ఏ నెలల్లో రావాలన్నది కూడా ఆలోచించవలసిందే. మే నెల ఉక్కపోతలో ఏసీ లేని పై పోర్షనులో పగలు పనిచేయడం అసాధ్యం. అక్టోబరు, నవంబరులు తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి చెట్లను ఎలా పెరికివేసిందో వీధిలో ఏ పెద్దవారిని అడిగినా చెబుతారు. అప్పుడు ఇన్వర్టరు, నిండిన నీళ్ల ట్యాంకు, చేతిలో కొంత నగదు ఉండాలి. ఆషాఢ పౌర్ణమి వేళ సింహాచలం గిరిప్రదక్షిణ, దాదాపు 32 కిలోమీటర్ల నడక, అప్పూఘర్ మీదుగా ఈ కాలనీలోకి వచ్చి వెంకోజీపాలెం వైపు సాగుతుంది. ఆ పగలూ రాత్రీ వాహనాలు తిరగవు, నిద్రా ఉండదు. ప్రయాణం పెట్టుకోకుండా, భక్తులకు మంచినీళ్లు, మజ్జిగ అందించే మీ వీధివారితో కలిసి నిలబడండి. కొత్తవారన్న మాట ఆ ఒక్క రాత్రితో పోతుంది.

ఖాళీ చేసేటప్పుడు మాట ఇచ్చిన ప్రకారం నెల ముందే చెప్పి, వీలైతే మీ తరవాత చేరేవారిని మీరే చూపించండి. ఇల్లు ఒక్క రోజు కూడా ఖాళీగా ఉండదన్న ధీమా కలిగిన యజమాని అడ్వాన్సు తిరిగి ఇవ్వడానికి వెనకాడడు. చివరి కరెంటు బిల్లు కట్టిన రసీదు, పాలవారి, పేపరువారి లెక్క తీరినట్టు ఒక మాట, రెండు తాళం చెవులు, ఇవన్నీ ఒకే రోజున అప్పగించి, అడ్వాన్సు ఖాతాలో పడ్డాకనే సామాను దింపండి.