ఆర్‌లో స్కాటర్ ప్లాట్‌ను తీర్చిదిద్దుకునే విధానం

రెండు కొలతలను బిందువులుగా చూపే స్కాటర్ ప్లాట్ కోసం, గణాంకాలకు వాడే ప్రోగ్రామింగ్ భాష ఆర్‌తో పాటే వచ్చే ఐరిస్ పూల డేటాను తీసుకుందాం. వృక్షశాస్త్రవేత్త ఎడ్గర్ ఆండర్సన్ సేకరించగా గణాంకవేత్త రోనాల్డ్ ఫిషర్ 1936లో ప్రచురించిన ఈ పట్టికలో మూడు జాతులకు చెందిన 150 పూల కొలతలున్నాయి. పూరేకు పొడవును ఎక్స్ అక్షం మీద, వెడల్పును వై అక్షం మీద పెట్టి ప్లాట్ ఫంక్షన్‌ను నడిపితే ఒకే రంగు బోలు వృత్తాలు వస్తాయే గాని, ఏది ఏ జాతిదో తెలియదు.

ప్లాట్ ఫంక్షన్‌కు ఇచ్చే ఎక్స్‌ల్యాబ్ (xlab), వైల్యాబ్‌ (ylab)లలో అక్షాల పేర్లను సెంటీమీటర్లతో సహా రాయాలి. జాతి కాలమ్ ఫ్యాక్టర్ (వర్గాలుగా ఉండే డేటా) కాబట్టి దానినే రంగును నిర్ణయించే కాల్‌ (col)కు అందిస్తే మూడు రంగులు వస్తాయి. అయితే ఎరుపు, ఆకుపచ్చల తేడా గుర్తించలేనివారూ ఉంటారు గనుక బిందువు ఆకారాన్ని నిర్ణయించే పీసీహెచ్‌ (pch)లో జాతివారీగా 16, 17, 15 ఇచ్చి వృత్తం, త్రిభుజం, చతురస్రాలుగా కూడా విడదీయడం మేలని నా అభిప్రాయం.

అసలు చిక్కు వేరే ఉంది. కొలతలన్నీ ఒక్క దశాంశానికే పరిమితం కావడంతో అనేక బిందువులు ఒకదానిపై ఒకటి పడి, ముఖ్యంగా సెటోసా జాతి ఉన్న ఎడమ కింది మూలలో, ఆ జాతి 50 పూలు చాలా తక్కువగా కనిపిస్తాయి. రెండు కొలతలనూ జిట్టర్ ఫంక్షన్‌లో పెడితే బిందువులు కొద్దిగా చెదురుతాయి. అడ్జస్ట్‌కలర్ (adjustcolor) ఫంక్షన్‌తో రంగును సగం పారదర్శకం చేస్తే గుంపు దట్టంగా ఉన్న చోటు ముదురుగా తేలుతుంది. జిట్టర్ చేసిన విలువలను బొమ్మకే వాడాలి, లెక్కలకు కాదు.

ఏ గుర్తు ఏ జాతిదో చెప్పే లెజెండ్‌ను ఖాళీగా ఉండే ఎడమ పై మూలలో ఉంచి, జాతుల పేర్లను లెవల్స్ (ఫ్యాక్టర్‌లోని వర్గాల) వరుసలోనే ఇవ్వాలి.